కరెంట్ ఖాతా గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ కరెంట్ ఖాతా గారికి నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట టోకు కొట్లవాళ్లు నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం ఎస్సెమ్మెస్‌లో తెలుస్తూనే ఉంది. ఆ ఎస్సెమ్మెస్ ఖర్చు కూడా మా దగ్గరే కోసుకుంటున్నారు గనక బాగానే ఉన్నారని అర్థమైంది.

తమరు వ్యాపారుల ఖాతా, వడ్డీ ఇవ్వరు. ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకే చెప్పింది, మేమూ అడగలేదు. మా డబ్బు మీ దగ్గర పెట్టినందుకు మాకు జరిమానా ఏంది సామీ? మూడు నెలల సగటు నిల్వ 25 వేలు ఉండాలన్నారనుకుందాం. కొట్లో రోజుకు లక్ష తిరుగుతున్నా ఆ సగటు రాదు. తమరు చూసేది రోజు ముగిశాక మిగిలిన నిల్వనే కదా. పొద్దున కట్టిన నగదు సాయంత్రానికి మిల్లుకు పోతే ఆ రోజు తమరి లెక్కలో సున్నా. 90 రోజులకు 25 వేల చొప్పున మొత్తం 22,50,000 రావాలి. అంటే 4,50,000 అయిదు రాత్రులు కదలకుండా ఉంచితే మూడు నెలల లెక్కా తీరిపోతుంది. ఈ కిటుకు కౌంటర్లో ఎవరూ చెప్పరు. సంక్రాంతి సరుకు డబ్బును అయిదు రాత్రులు నిద్రపుచ్చగలిగినవాడికి తమరి జరిమానా ఎలాగూ ఒక లెక్క కాదనుకోండి.

అసలు బాదుడు అక్కడ లేదు, నగదు జమలో ఉంది. నెలకు 2 లక్షల దాకా ఉచితం, ఆపైన వెయ్యికి 3 రూపాయలు అన్న ఖాతాలో 12 లక్షలు కట్టే కొట్టుకు 3,000 పడుతుంది, 18 శాతం జీఎస్టీతో 3,540. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి చిల్లర కొట్లవాళ్లు వాళ్ల ఊరి శాఖలో మా ఖాతాకు కడితే అది బయటి శాఖ జమ, దానికి రేటు వేరుగా ఉండొచ్చు. అందుకే పక్క బ్యాంకువాళ్లు వచ్చి ‘జీరో బ్యాలెన్స్’ అంటుంటే మేం నగదు జమ ఛార్జీల పట్టీ చూపించమంటున్నాం. వాళ్ల నవ్వు అక్కడే తగ్గుతుంది. తమరు వేసిన జీఎస్టీ మాత్రం, మా జీఎస్టీ నంబరు మీ దగ్గర నమోదై ఉంటే, పన్ను పడే సరుకు అమ్మే కొట్లు ఇన్‌పుట్‌గా తీసుకుని, తాము కట్టే జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. నమోదు చేశారా అని తమరు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు.

కాబట్టి ఈ ఖాతా మూసేసుకుంటాం, సెలవు ఇప్పించండి. ఖాళీ చేసి వదిలేస్తే పోతుందిలే అని కొందరు అనుకుంటారు, తమరికి అలాంటివాళ్లంటేనే ప్రీతి. సేవింగ్స్ ఖాతాను మినిమమ్ బ్యాలెన్స్ జరిమానాతో మైనస్‌లోకి దించకూడదని 2015 ఏప్రిల్ 1 నుంచి ఆదేశం ఉంది. తమరికి ఆ అడ్డు లేదు. బాకీ పేరుకుంటూ ఉంటుంది, ఎప్పుడో పాత గిరాకీ పొరపాటున వేసిన డబ్బు అందులో కలిసిపోతుంది.

మేం ముందు కొత్త ఖాతా తెరుస్తాం. జీఎస్టీ సర్టిఫికెట్, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) కాగితం కొట్టు పేరుతో అక్షరం తేడా లేకుండా ఉంటే పని త్వరగా అవుతుంది. ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్), సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు ఉన్నవాళ్లు ముందు ఆ బ్యాంకుతో మాట్లాడాలి, అప్పు ఒకచోట ఉంచి కరెంట్ ఖాతా ఇంకోచోట తెరవడానికి రిజర్వ్ బ్యాంక్ షరతులున్నాయి. తర్వాత జీఎస్టీ పోర్టల్లో నాన్‌కోర్ (చిన్న మార్పుల) సవరణ కింద ఖాతా నంబరు మార్చాలి, దానికి అధికారి ఆమోదం అక్కర్లేదు. గల్లాపెట్టె మీది క్యూఆర్, కార్డు మిషను కొత్త ఖాతాకు కలపాలి. వ్యాను ఈఎంఐ మాండేటు (నెలనెలా ఖాతాలోంచి కోసుకోమని ఇచ్చిన అనుమతి) దానంతటది మారదు, ఫైనాన్సువాళ్లకు కొత్తది ఇవ్వాలి. అది ఖరారయ్యేలోపు పాత ఖాతాలో ఒక వాయిదాకు సరిపడా డబ్బు ఉంచకపోతే బౌన్సు ఛార్జీ తమరూ వేస్తారు, వాళ్లూ వేస్తారు.

చెక్కుల సంగతి ఇంకా జాగ్రత్త. చెక్కుకు ఆయుష్షు దాని మీది తేదీ నుంచి మూడు నెలలు. మిల్లుకు రాబోయే తేదీ వేసి ఇచ్చినవి అన్నీ చెల్లేదాకా తమరిని వదలలేం. ‘ఖాతా మూసివేశారు’ అని చెక్కు తిరిగొచ్చినా చెక్కు బౌన్సుకు పెట్టే 138 సెక్షను కింద కేసు నడుస్తుంది. మూసేలోపే పాత స్టేట్‌మెంట్లన్నీ దించుకోవాలి, తర్వాత నెట్‌బ్యాంకింగ్ తలుపు తెరుచుకోదు. జీఎస్టీ లెక్కలు చూస్తే వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి.

తమరి తమ్ముడు క్రెడిట్ కార్డు గారికి కూడా ఒక మాట. వారి వడ్డీ చాలా కార్డుల్లో నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది, బజారు లెక్కలో నూటికి మూడున్నర. రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి ఈ ఊళ్లో పేరు పెట్టి తిడతారు, వీరికి మాత్రం ‘రివార్డు పాయింట్లు’ ఇచ్చారని దండం పెడుతున్నారు. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే కొత్తగా కొన్నదానికి కూడా గడువు లేకుండా వడ్డీ మొదలవుతుంది. కత్తెరతో ముక్కలు చేస్తే కార్డు మూసినట్టు కాదు. పాయింట్లు వాడుకుని, ఆటోడెబిట్లు ఆపి, బిల్లులో ఇంకా ఎక్కని కొనుగోళ్లతో సహా పైసా మిగలకుండా కట్టి, రాతపూర్వకంగా మూయమని అడగాలి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూయాలని 2022 నుంచి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ఉంది. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మాకే ఇవ్వాలి. ఈ ఒక్క ఛార్జీ సంగతి తమరి పట్టీల్లో ఎక్కడా పెద్ద అక్షరాల్లో కనపడదెందుకో.

ఈ లేఖతో వాడని చెక్కులు, డెబిట్ కార్డు, మూసివేత ఫారం జతపరుస్తున్నాం. మిగిలిన నిల్వ కొత్త ఖాతాకు పంపి, మూసినట్టు కాగితం ఇప్పించగలరు. ఆ కాగితానికి ఛార్జీ ఎంతో ముందే సెలవిస్తే చిల్లర తెచ్చుకుంటాం.

ఇట్లు,
స్టోన్‌హౌస్‌పేట టోకు కొట్లవాళ్లు