తువాల కప్పుకున్న కుర్చీ దొరవారికి

కుర్చీ దొరవారికి దండాలు.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా తమరి ఎదురుగా నిలబడ్డవాణ్ణి నేనే. పాసుబుక్కులో మా నాయన పేరుకు ఒక దీర్ఘం తగ్గింది. అది పెట్టించుకోవడానికి నాలుగోసారి వచ్చాను. సారు లంచ్‌కు పోయారన్నారు, తర్వాత మీటింగ్ అన్నారు. తమరు మాత్రం ఉన్నారు, వీపు మీద తెల్ల తువాలతో. ఫ్యాను కూడా తమరి మీదికే తిరిగి ఉంది. ఖాళీ కుర్చీకి అంత ఉక్కపోత ఏమిటో!

నడుము నొప్పి పుట్టి తమరి మీద చెయ్యి ఆనించాను. "గది సారు కుర్చీ. చెయ్యి తియ్యి" అన్నాడు అటెండరు. తీశాను. తీసి ఊరుకోక తమరికి "సారీ" చెప్పాను. రాత్రి నిద్ర పట్టనిది ఆ సారీ వల్లే.

పొద్దుపోక ఫోన్‌లో రుమేనియాను ఏలిన నియంత చౌషెస్కు చివరి ప్రసంగం చూశాను. 24 ఏళ్లు తమరి పెద్దన్నగారిని వదలని మనిషి. మొదట్లో బాగానే ఉన్నాడు. 1968లో చెకొస్లోవాకియా మీదికి రష్యా ట్యాంకులు పోతే అది తప్పని గట్టిగా చెప్పాడు, జనం నిజంగానే చప్పట్లు కొట్టారు. 1974కల్లా అధ్యక్షుడై, రాజదండం చేతబట్టాడు. బయటి అప్పు తీర్చాలని దేశంలో పండిన తిండిని ఎగుమతి చేసి, జనాన్ని రేషన్ లైన్లో నిలబెట్టాడు. చలికాలం ఇళ్లకు వేడి కూడా కోసేశాడు. టీవీ వచ్చేదే రోజుకు రెండు గంటలు, అందులోనూ ఆయన భజనే.

1989 డిసెంబర్ 21న బుకారెస్ట్‌లో ఫ్యాక్టరీల నుంచి జనాన్ని పట్టుకొచ్చి మీటింగ్ పెట్టారు. (మన దగ్గరైతే బిర్యానీ పొట్లమైనా ఇస్తారు.) బాల్కనీ మీంచి మాట్లాడుతుంటే కింద అరుపులు లేచాయి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. లైన్ కట్టయినవాడిలా "అలో, అలో" అంటాడు. జీతాలు పెంచుతానన్నాడు. ఎవరూ వినలేదు. మర్నాడు మేడ మీంచి హెలికాప్టర్లో పారిపోయాడు. 25న భార్యతో సహా గోడకు నిలబెట్టి కాల్చేశారు.

ఇరాక్ సద్దాం గుంతలో దొరికాడు, లిబియా గడాఫీ తూములో. సిరియా అసద్ తెలివైనవాడు, 2024లో మాస్కోకు చెక్కేశాడు.

అందర్నీ పట్టుకున్నారు దొరా, తమర్ని పట్టుకున్నవాడు లేడు. తువాల మార్చుకుని ఇంకొకణ్ణి ఎక్కించుకుంటారు. మాకు తెలియని సంగతా? 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దొర గూండాలు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. అప్పుడది మా నల్లగొండ జిల్లానే. ఆ తర్వాత లేచిన జనాన్ని చూసి దొరలు గడీలు వదిలి పోయారు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. 1950లో ఆయనకే రాజప్రముఖ్ అని, గవర్నరు లాంటి ఇంకో కుర్చీ వేశారు! దిగినవాడికి కూడా నువ్వే దొరుకుతావు.

"బాంచెన్ దొరా, కాల్మొక్త" అనే మాట మా తాతల నోటి నుంచి పోవడానికి అంత నెత్తురు పారింది. వాళ్ల మనవణ్ణి నేను, ఖాళీ కుర్చీకి సారీ చెప్పాను. ఏం చూసి చెప్పాను? నాలుగు కట్టె కాళ్లు. అందులో ఒకటి పొట్టిది, ఊగకుండా కింద మడిచిన కాగితం పెట్టారు. వంగి చూశాను, ఎవరిదో అర్జీ. సంతకం దగ్గర వేలిముద్ర ఉంది.

సోమవారం మళ్లీ వస్తున్నా. దీర్ఘం సంగతి తర్వాత. ముందు ఆ కాగితం లాగేస్తా, ఊగు.