మెమెంటో గారికి ఓ కీబోర్డు వాడి లేఖ

మహారాజశ్రీ మెమెంటో గారికి,

మా టీవీ స్టాండు మీద కులాసాగానే ఉన్నారని తలుస్తాను. ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు, ఉక్కపోతగా ఉంటే మన్నించాలి. మీ ఛాతీ మీద బంగారు రంగులో 'ఉత్తమ గాయకులు' అని రాసి ఉంది. నేను కీబోర్డు వాయిస్తాను. పాడితే మా ఇంట్లోవాళ్లే లేచి వంటింట్లోకి పోతారు. మీ తప్పేముంది లెండి, చెక్కినవాడు చెప్పింది చెక్కాడు.

ఆ ఆదివారం అవార్డుల ఫంక్షన్ సంగతి మీకూ తెలుసు. బల్ల మీద 42 మంది వరసగా నిలబడి అంతా చూశారు కదా. మధ్యాహ్నం 2 గంటలకల్లా రమ్మంటే, పెదవాల్తేరు నుంచి ఆటోలో కీబోర్డు ఒళ్లో పెట్టుకుని వచ్చాను. కార్డులో మా ఐటమ్ అచ్చు కూడా వేశారు: 'అవార్డులు మరిచిన నేపథ్య సంగీతం, అరగంట'. పాట ఒక్కటీ ఉండదు. వట్టి బ్యాక్‌గ్రౌండ్ స్కోరే.

మూడు వారాలు రిహార్సల్ చేశామండీ దానికి. 'మరో చరిత్ర'తో మొదలు. 1978లో మన వైజాగ్‌లో, భీమిలిలో తీసిన సినిమా, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం. అంతటి మనిషికి జాతీయ అవార్డు ఒక్కటీ రాలేదు. తర్వాత 'సైకో'. స్నానాల గది సీనుకి సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. సంగీతం చేసిన హెర్మన్ వినకుండా వట్టి తీగ వాయిద్యాలతో చేసి చూపించాడు. ఆ సినిమాకి నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అందులో సంగీతానికి లేదు. ఆఖరున 'శివ'. సైకిల్ చైన్ చేతికొచ్చే చోట ఎక్కడ ఆగాలి, ఎక్కడ అందుకోవాలి అన్న దాని మీద డ్రమ్స్ కుర్రాడికీ నాకూ రెండు రోజులు మాటల్లేవు.

స్టేజీ ఎక్కగానే నిర్వాహకులు వచ్చి, "ముందు మెమెంటోలు ఇచ్చేద్దాం మాస్టారూ. మీరు వెనకాల ఏదో ఒకటి వాయిస్తూండండి. బాహుబలిది వెయ్యండి, గ్రాండ్‌గా ఉంటాది" అన్నారు.

వేశాను. చందా ఇచ్చినాయనకి వేశాను. ఫ్లెక్సీ కొట్టినాయనకి, భోజనాలు పెట్టినాయనకి, ఆయన బామ్మర్దికి వేశాను. శాలువా కప్పి, ఫొటోగ్రాఫర్ "ఇటు చూడండి సార్" అన్నంతసేపూ వేస్తూనే ఉన్నాను. ఒక్కొక్కరూ మాహిష్మతి సింహాసనం ఎక్కుతున్నట్టే నడిచొచ్చారు. తమాషా చూడండి, 2015 సినిమాల్లో మొదటి భాగానికి ఉత్తమ చిత్రం ఇచ్చారు, 2017 సినిమాల్లో రెండో దాని ఫైట్లకీ గ్రాఫిక్స్‌కీ ఇచ్చారు. సంగీతానికి మాత్రం జాతీయ అవార్డు రెండుసార్లూ లేదు. అవార్డు రాని సంగీతం లేకపోతే మీ అవార్డులవాళ్లకి నాలుగు మెట్లు ఎక్కడానికి కాళ్లు రావు!

సరే, అయింది. అయిదూ ముప్పావు. వయొలిన్ అమ్మాయి తీగలు సవరించుకుంది. నేను నొటేషన్ కాగితాలు తీశాను. అప్పుడు మళ్లీ వచ్చారు.

"ఏటీ అనుకోకండి మాస్టారూ. డ్యాన్సు పిల్లలు మేకప్ వేసుకుని గంట నుంచి కూర్చున్నారు. మీది బ్యాక్‌గ్రౌండే కదా... ఇందాకట్నుంచీ వాయిస్తూనే ఉన్నారు కదా!"

కదా.

ఆ 'కదా' ఇంకా చెవిలో మోగుతోంది. అన్నం తింటుంటే మోగుతోంది, జగదాంబ దగ్గర సిగ్నల్ పడితే మోగుతోంది.

ఇది మీ వంశంలోనే ఉంది లెండి. అమెరికాలో మీ పెదనాన్న ఆస్కార్ గారు ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనికి 2007లో గౌరవ పురస్కారం చేతిలో పెట్టి పంపేశారు. పోటీలో గెలిచిన బొమ్మ ఇచ్చేసరికి 2016, అప్పటికి పెద్దాయనకి 87 ఏళ్లు. మన 'నాటు నాటు'కి ఇచ్చారు, సంతోషం. అదే సినిమాకి అదే కీరవాణి గారు చేసిన నేపథ్య సంగీతం నామినేషన్ దాకా కూడా పోలేదు. దాన్ని ఢిల్లీలో మీ బాబాయి, జాతీయ అవార్డు రజత కమలం గారు గుర్తించారు, అంతవరకు ఓ దణ్ణం. కానీ పాటలకి వేరే, నేపథ్య సంగీతానికి వేరే అని నిలకడగా ఇవ్వడం ఆయనకి 2009 సినిమాల నుంచి గానీ తోచలేదు. మీ మేనమామ నంది గారి సంగతి సరేసరి. మూడేళ్ల అవార్డులు 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించారు.

హీరోయిన్ ఏడిస్తే ఉత్తమ నటి. ఆ ఏడుపు కింద గంటసేపు వయొలిన్ కమాను లాగినవాడెవడయ్యా? హాల్లో సౌండు పోతే ఈలలేసి కుర్చీలు విరగ్గొడతారే, అప్పుడు తెలీదా అది ఉందని? ఒక్కసారి, ఒక్క అరగంట, నోరు మూసుకుని వినలేరా? కార్డులో అచ్చేసింది మీరే కదరా!

క్షమించాలి. మీరు చెక్క, మీకెందుకు.

నిన్న సాయంత్రం కిటికీ తెరిచి ఉంటే సముద్రం గాలికి ఆ నొటేషన్ కాగితాలు ఇల్లంతా ఎగిరాయి. మంచం కిందవి కూడా ఏరి, వరస పెట్టి, మీ కింద దాచాను. 'మరో చరిత్ర' పేజీ అన్నిటికన్నా పైన ఉంది. బరువు బాగానే ఉన్నారు. రాత్రంతా ఫ్యాను తిరిగినా ఒక్క కాగితం లేవలేదు.

అక్కడే ఉండండి. వచ్చే ఆదివారం వయొలిన్ అమ్మాయీ, డ్రమ్స్ కుర్రాడూ మా ఇంటికొస్తున్నారు. అప్పటిదాకా కదలకండి.

ఇట్లు,
వెనకాల ఏదో ఒకటి వాయించినవాడు