నైట్ షిఫ్ట్ విశ్వాసులు ఎప్పుడు ప్రార్థించాలి?
దేవునికి దగ్గర కావాలంటే తెల్లవారుజామునే గంటసేపు ప్రార్థించాలని ఒక వ్యాసంలో రాశారు. నైట్ షిఫ్ట్ ముగించుకుని ఉదయం గాజువాకలో ఇంటికి చేరే విశ్వాసికి అది కుదరదండి. పడుకునే ముందు 15 నిమిషాలు చాలు, ఫోన్ మాత్రం వేరే గదిలో ఉండాలి. బైబిల్లోని 42, 43 కీర్తనలు కలిపి పైకి చదవండి, మొత్తం 16 వచనాలే. ప్రాణమా, ఎందుకు కుంగిపోయావన్న ప్రశ్న 42:5, 42:11, 43:5లో మూడుసార్లు వస్తుంది. ఆలయానికి దూరంగా, హెర్మోను కొండ వైపు ఉన్నవాడికి దేవుని కోసం కలిగిన దాహం అది. ఒక్కసారి అడగగానే తీరలేదు! చాలామంది కూర్చోగానే అక్కరల చిట్టా విప్పుతారు, మనసు కదలకపోతే మూడో రోజుకే మానేస్తారు. ముందు ఒక్క వచనం దగ్గర ఆగి, దాన్నే మీ మాటల్లో దేవునికి చెప్పండి. అక్కరలు ఆ తర్వాత. ఏమీ అనిపించని రోజున కీర్తనకారుడి ప్రశ్ననే ప్రార్థనగా చదివి పడుకోండి.