మీటరు కన్నా తుప్పే ముఖ్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత కారు బేరానికి వెళ్లినవారు మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే. ముప్పై వేలంటే ధర మీద అమ్మేవాడు మెట్టు దిగడు, లక్ష దాటిందంటే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. తక్కువ తిరిగిన కారే గట్టిదన్న ఈ నమ్మకం మన ప్రాంతంలో చాలామందిని ముంచుతోందన్నది నా అభిప్రాయం. మీటరును వెనక్కి తిప్పడం గురించి అందరికీ తెలిసిందే కనుక దాన్ని పక్కన పెడదాం. మీటరు నిజమే చెబుతున్నా, అది చెప్పేది సగం సంగతే.

ఉద్దానం నుంచి, టెక్కలి, సోంపేట చుట్టుపక్కల పల్లెల నుంచి బతుకుతెరువు కోసం దూర ప్రాంతాలకు వెళ్లినవారు, సైన్యంలో ఉన్నవారు ఎందరో. వారిలో కొందరి కార్లు సంక్రాంతికీ, ఇంట్లో పెళ్లికీ మాత్రమే బయటకు వచ్చి, మిగిలిన ఏడాదంతా కొబ్బరిచెట్ల నీడలో కవరు కప్పుకుని నిలబడి ఉంటాయి. ఎనిమిదేళ్లకు అవి తిరిగింది పాతిక వేలే అయినా, ఆ ఎనిమిదేళ్లూ అవి పీల్చింది సముద్రపు గాలి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. గాలిలోని ఉప్పు రేకు మీద పేరుకుని, చుట్టూ ఉన్న తేమను లాక్కుంటూ లోహాన్ని ఆరనివ్వదు. కవరు కింద గాలి ఆడకపోతే పరిస్థితి మరీ దిగజారుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి, బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, కోతల తర్వాత పొలం విడిచిన ఎలుకలు వైర్లు కొరుకుతాయి. దీనికి భిన్నంగా, విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు రోజూ వెళ్లి వచ్చే ఉద్యోగి కారు మూడేళ్లలో లక్ష దాటేస్తుంది. కానీ దాని ఇంజిన్ ప్రతిరోజూ పూర్తిగా వేడెక్కుతుంది, హైవే మీద ఒకే వేగంతో నడుస్తుంది, క్లచ్ మీద భారం తక్కువ పడుతుంది. వేళకు ఆయిల్ మార్చినట్టు సర్వీస్ రికార్డు చూపిస్తే, ఆ రెండింటిలో నేను రెండో కారునే ఎంచుకుంటాను.

అందువల్ల పరీక్ష కింది నుంచి మొదలుకావాలి. కారును జాకీ మీద కాకుండా షెడ్డులో పైకెత్తించి, చక్రాల పైనుండే వంపుల (వీల్ ఆర్చ్‌ల) లోపల, సస్పెన్షన్ బిగించిన చోట్ల, తలుపుల అడుగు అంచుల్లో, డిక్కీలో స్టెప్నీ తీసిన గుంతలో చూడాలి. పైపైన ఎర్రబడిన బోల్టుకు భయపడనక్కర్లేదు. స్క్రూడ్రైవరుతో గట్టిగా నొక్కితే రేకు పెచ్చులుగా రాలిందా, బేరం వదిలేయడమే మేలు. అడుగంతా కొత్తగా నల్లని కోటింగ్ నిగనిగలాడుతుంటే సంతోషించకండి. తుప్పు మీద పూసిన కోటింగ్ దాన్ని ఆపదు సరికదా, తేమను లోపలే బంధించి మరింత తినేలా చేస్తుంది.

ఇక నీళ్లలో మునిగిన బండ్ల సంగతి. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని, ఆ రెండు తుపానులనూ చూసినవాళ్లం; వంశధార, నాగావళి పొంగితే ఏమవుతుందో కొత్తగా చెప్పించుకోనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటివి రంగు వేయించుకుని ఏ ఊళ్లో తేలతాయో చెప్పలేం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే మడతలో బురద చార కనిపించవచ్చు. మ్యాట్ల కింద చెమ్మ, సీటు పట్టాల మీద తుప్పు, కారంతా ఘాటైన సెంటు వాసన, ఇవన్నీ అనుమానించదగినవే. వైరింగ్‌లోకి నీరు చేరిన కారుకు ఈ నెల ఒక సెన్సరు, వచ్చే నెల మరొకటి చెడిపోతూనే ఉంటుంది.

సరిహద్దు జిల్లాలు కావడంతో కాగితాల చిక్కు మనకు మరికాస్త ఎక్కువ. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పార్వతీపురం దాటితే రాయగడ. అక్కడ ధర తక్కువని ఒడిశా నంబరు కారు తెచ్చుకునేవారున్నారు. వేరే రాష్ట్రపు నంబరు కారును పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అందుకు అక్కడి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ ఖర్చు కలిపితే ఆ చవక చాలాసార్లు చవక కాదు. ఫైనాన్స్ అప్పు తీరిందా, చలానాలు ఎన్నున్నాయి అన్నవి బయానా ఇవ్వక ముందే తేల్చుకోవాలి. అమ్మేవారికీ ఒక మాట: సంతకం పెట్టిన యాజమాన్య బదిలీ ఫారాలను బ్రోకరు చేతిలో పెట్టి మరిచిపోవద్దు. ప్రమాద పరిహారం విషయంలో ఆర్సీలో పేరున్న వ్యక్తినే యజమానిగా పరిగణించాలని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.

కొన్న పాత కారును పైడితల్లి అమ్మవారి గుడి ముందు పెట్టి నిమ్మకాయలు తొక్కించడంలో మనం ఆలస్యం చేయం. అదే వారంలో మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లడం మాత్రం అరుదు. కారు ధరలో పదో వంతు విడిగా దాచి, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లు వెంటనే మార్పించాలి. పాత యజమాని మార్చానన్నా సరే. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది కనుక, కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చక తప్పదు. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాళ్లు లోతుగా ఉన్నా ఏడెనిమిదేళ్ల టైరును హైవే మీద నమ్మలేం. బజారుకూ బడికీ తప్ప తిరగని ఇంట్లో 2020 తర్వాతి డీజిల్ కారు కొనకపోవడమే మంచిది. పొగలోని మసిని పట్టే దాని ఫిల్టరు శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే వేగం అవసరం.

కళింగపట్నమో బారువో బీచ్‌కు వెళ్లి వచ్చిన రోజు, పైన కడిగినా కడగకపోయినా, అడుగున మాత్రం మంచినీళ్లు కొట్టాలి. తలుపుల కింద నీరు కారిపోవడానికి సన్నని రంధ్రాలుంటాయి, అవి మట్టితో పూడితే తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. వానాకాలానికి ముందొకసారి, వెళ్లాక ఒకసారి వాటిని తెరిచి ఉంచడానికి కొబ్బరి ఈనె చాలు.