చెవి పనిచేయకపోయినా మెదడు ఖాళీగా ఉండదు

రెండేళ్లు దాటినా పాపకు మాట రాలేదంటే మన ఇళ్లలో ముందు వినబడే మాట "వాళ్ల నాన్నకీ లేటుగానే వచ్చాయిలే" అని. విశాఖలోనూ అంతే. మామ్మ వెనక నిలబడి చప్పట్లు కొడుతుంది, పాప తిరిగి చూస్తుంది, ఇంట్లో అందరి టెన్షన్ తీరిపోతుంది. పాప చప్పుడు వినే తిరిగిందని చెప్పలేం. గోడ మీద నీడ కదిలినా, మెడకు గాలి తగిలినా తిరుగుతుంది. నిద్రపోతున్న బిడ్డ తలకు వైర్లు అంటించి, చప్పుడుకు మెదడు స్పందిస్తోందా అని చూసే బెరా పరీక్ష అయితే అలా మోసపోదు. ఆ పరీక్షకు వెళ్లకుండా గడిచిన నెలలు మళ్లీ రావు.

పుట్టుకతోనే వినికిడి లేనివారిలో, శబ్దం కోసం ఏర్పడిన మెదడు భాగాన్ని చూపు, స్పర్శ కొంతమేర వాడుకుంటాయి. కదిలే చుక్కలు చూపించినప్పుడు బధిరుల మెదడులోని ఆ భాగం స్పందించిందని 2001లో ఫిన్నీ, ఫైన్, డాబ్కిన్స్ అనే పరిశోధకులు చూపించారు. 2010లో లోంబర్ బృందం పుట్టుకతో వినికిడి లేని పిల్లుల్లో ఆ ప్రాంతంలోని ఒక భాగాన్ని చల్లబరిచి కాసేపు పనిచేయకుండా చేసింది. అంతే, పక్కచూపులో వాటికున్న అదనపు నేర్పు పోయింది. అలాగని బధిరులకు కంటిచూపే పదునెక్కుతుందనుకోకూడదు. పెరిగేది ముఖ్యంగా చూపు అంచుల్లో జరిగేవాటి మీద ధ్యాస. ఆర్కే బీచ్‌లో సైగలతో మాట్లాడుకునే కుర్రాళ్లను గమనించండి. చూపు ఎదుటివాడి ముఖం మీదే ఉంటుంది, చేతుల్ని పక్కచూపుతోనే అందుకుంటారు.

భాష సంగతి ఇంకా ఆసక్తికరం. ఎడమ మెదడుకు స్ట్రోక్ వచ్చిన బధిరులు చేయి కదిలించగలిగినా సైగల భాషను కోల్పోవచ్చు. నోటితో మాట్లాడేవారికి మాట పోయినట్టే. భాష చెవి నుంచి వచ్చినా, కంటి నుంచి వచ్చినా మెదడు దాన్ని భాషగానే తీసుకుంటుంది. కానీ అది చిన్నప్పుడే అందాలి. మొదటి భాషే ఆలస్యమైన బధిరులు దశాబ్దాలు వాడినా అందులో పూర్తి పట్టు సాధించలేరని రేచల్ మేబెరీ పరిశోధనలు చెబుతున్నాయి. బధిర తల్లిదండ్రుల దగ్గర పుట్టినప్పటి నుంచి సైగలతో పెరిగిన పిల్లలకు ఏకాగ్రతలో, పనిని ఆలోచించి చేయడంలో లోటేమీ కనబడలేదు. మన బళ్లలో "వీడికి నిలకడ లేదు" అనిపించుకునే పిల్లల్లో ఎందరికి అసలు కొరత వినికిడి కాక భాష అయ్యుంటుందో ఆలోచించండి.

ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం కాక్లియర్ ఇంప్లాంట్‌కు నేను వ్యతిరేకిని కాను. ఆరోగ్యశ్రీ ఆ ఆపరేషన్‌ను పేదింటి పిల్లలకూ అందుబాటులోకి తెచ్చింది, అది చిన్న మేలు కాదు. మూడున్నరేళ్లలోపు పెడితే శబ్దానికి మెదడు స్పందన చాలావరకు మామూలు స్థాయికి వస్తుందని, ఏడేళ్లు దాటితే కష్టమని అను శర్మ బృందం 2002లో చూపించింది. అయితే పరీక్షలు, ఆపరేషన్, స్పీచ్ థెరపీ అంటూ తిరిగే కాలమంతా బిడ్డకు ఏ భాషా లేకుండా గడపాలా? "సైగలు నేర్పితే మాట రాదు" అని తల్లులను భయపెట్టడం తప్పు. దానికి గట్టి ఆధారం లేదు.

బధిర పిల్లల్లో 90 శాతానికి పైగా వినికిడి ఉన్న దంపతులకే పుడతారు. కాబట్టి ముందు నేర్చుకోవాల్సింది అమ్మానాన్నలు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం ఏర్పడింది, 2021లో పది వేల పదాల నిఘంటువు వచ్చింది. చంటిబిడ్డ నిఘంటువు చూసి నేర్చుకోదు, ఎదురుగా మనిషి కావాలి. బెరా రిపోర్టు ఇచ్చిన రోజే సైగల భాష నేర్పే మనిషి ఫోన్ నంబరూ ఆ తల్లి చేతిలో పెట్టాలి. గాజువాకలో, మధురవాడలో ఉన్న బధిర పెద్దలకు జీతమిచ్చి ఆ పని అప్పగించవచ్చు.