మడిస్తే లగేజీ, విప్పితే బండి

మా రేవు పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున్న పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే ఇంజను పడవ, ఎక్కనివ్వరు, నా బడి అవతలి ఒడ్డున ఉంది. ఏటికి ఇవతల కోనసీమ, అవతల పశ్చిమ గోదావరి, మధ్యలో పంటు, పంటు మీద టికెట్లు కొట్టే కుర్రాడు. వాడి మీద కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి కాస్త అటూ ఇటూగా రాస్తే సర్దుకోండి.

స్కూటరు ముసలిదైపోయింది. ఇంకొకటి కొందామంటే మా బావమరిది అడ్డుపడ్డాడు. వాడు హైదరాబాదులో ఉంటాడు. సైకిలెక్కి ఎన్నేళ్లయిందో వాడికే గుర్తులేదు గానీ, ఎవరు ఏ బండి కొంటున్నా వాడి దగ్గర ఒక వీడియో సిద్ధంగా ఉంటుంది. "బావా, కరెంటు సైకిలు కొను. లావు టైర్లు, మోటారు, పైగా మడిచి పట్టుకుపోవచ్చు. మీ గట్టుకీ, మీ పంటుకీ ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు. వీడియోలో ఒక తెల్లాయన బండిని చటుక్కున మడిచి, నవ్వుకుంటూ రైలెక్కేశాడు. మాకు రైలేది నాయనా? కోటిపల్లి-నరసాపురం లైనంటూ ఏట్లో స్తంభాలు లేపారు, రైలు మాత్రం రాలేదు.

అయినా ఆశ పుట్టింది. మా కాలవ గట్టు మీద రోజూ తిరిగేవాడికి ఎవడికైనా పుడుతుంది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ కాలవల్లో పడవలు నడిచేవి, వాటిని తాళ్లతో లాగేవాళ్లు గట్ల వెంటే నడిచేవాళ్లు. ఇప్పుడున్న గట్టును చూస్తే వాళ్ల తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదనిపిస్తుంది. తారు వేసిన చోట గోతులు, వేయని చోట రేగడి.

సరే, పట్నంలో ఒక షాపుకి వెళ్లాను. షాపు కుర్రాడు చాలా మర్యాదస్తుడు, ప్రతి మాటకీ 'అండి' తగిలిస్తాడు. టైరు 20 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల లావు. గాలి తక్కువ కొట్టుకుంటే గోతులు తెలియవు. ఇది నిజమే, ఒప్పుకుంటాను. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మోటారు 250 వాట్లు, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటకపోతే చట్ట ప్రకారం అది మోటారు వాహనమే కాదు. ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, అది అచ్చేసిన కాగితం అడిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. కుర్రాడు గొంతు తగ్గించి, "కావాలంటే పెద్ద మోటారు కూడా ఉందండి, స్టిక్కరు మాత్రం 250దే అంటిస్తామండి" అన్నాడు. వద్దన్నాను.

ఒకసారి చార్జింగ్ పెడితే 80 కిలోమీటర్లు వస్తుందన్నాడు. లెక్కల మాస్టారి దగ్గరా ఈ మాట! బ్యాటరీ 48 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు; గుణిస్తే 480 వాట్ అవర్లు. ఈ లావు టైర్లతో, తొక్కకుండా మీట నొక్కుకుని కూర్చుంటే కిలోమీటరుకి పదిహేను దాకా తాగుతుంది. ముప్పై చిల్లర దగ్గర ఆగిపోవాలి కదా అన్నాను. "80 అంటే మీరు కూడా తొక్కుతూ ఉండాలండి" అన్నాడు. అంత తొక్కే ఓపికే ఉంటే నీ షాపుకెందుకొస్తాను బాబూ?

"బరువెంత?" అని అడిగాను. "మడతపడిపోద్దండి" అన్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ మడిచి చూపించాడు.

బరువు సంగతి తర్వాత ఇంటి దగ్గర మెట్టెక్కిస్తే తెలిసింది. లావు టైర్లు, వాటికి తగ్గ రిమ్ములు, వెనక చక్రంలో మోటారు, ఫ్రేము కడుపులో బ్యాటరీ, అన్నీ కలిపి ముప్పై కిలోలకి కాస్త అటూ ఇటూ. మడిస్తే చిన్నదవుతుంది. తేలికవుతుందని ఎవరూ అనలేదు, మనమే అనుకుంటాం.

డెమో బండి ఒక రోజు ఉంచుకోండి, నలుపు కావాలో ఆకుపచ్చ కావాలో రేపు చెప్పండి అన్నాడు. తెచ్చాను. గట్టు మీద ఎలా నడిచిందో వివరంగా రాయను. రాత్రి వాన పడింది. ఇసుకలో ఈ టైర్లు తేలిపోతాయి, అంతర్వేది బీచిలో నడపాలంటే ఇదే బండి కొనండి. మా రేగడి రకం వేరు. లావు టైరు లావుగానే మట్టి ఎత్తుకుంటుంది, అది మడ్‌గార్డులోకి ఎక్కి కూర్చుంటుంది. రేవు చేరాను, అంతే.

పంటు మీద అప్పటికే కారు ఒకటి, చేపల తట్టలు, బడిపిల్లలు, ఒక రాజుగారి తాలూకు రొయ్యల మేత బస్తాలు. టికెట్ల కుర్రాడు వచ్చాడు. వాడు నా దగ్గరే చదివాడు.

"నమస్కారం మాస్టారూ. ఇదేంటండీ?"

"సైకిలురా."

"సైకిలంటారేంటండీ, మోటారుంది కదండీ!"

"మోటారుంది. కానీ చట్ట ప్రకారం మోటారు వాహనం కాదు." కాగితం తీశాను. వాడు కళ్లజోడు లేని తాతగారిలా చేయి చాచి దూరంగా పట్టుకుని చదివాడు. తిరిగిచ్చేశాడు.

"చట్టం ఒడ్డు మీదండి. ఇది పంటండి."

"పెడళ్లున్నాయి చూడు."

"లూనాకీ ఉండేవండి. మా తాతకి మోటారు సైకిలు టికెట్టే కొట్టేవారండి."

రేట్ల బోర్డు వైపు చూపించాను. మనిషి, సైకిలు, మోటారు సైకిలు, ఆటో, కారు, లగేజీ. ఆ బోర్డు రాసినవాడికి ప్రపంచం అక్కడితో పూర్తయింది. దాంట్లో ఇమడని వస్తువు ఏరు దాటకూడదు. సైకిలు టికెట్టుకీ మోటారు సైకిలు టికెట్టుకీ తేడా పెద్ద డబ్బేం కాదు, నాకూ తెలుసు. కానీ జేబులో చట్టం పెట్టుకుని మోటారు సైకిలు టికెట్టు కొనడమంటే, క్లాసులో సరైన లెక్క చేసి సున్నా వేయించుకోవడమే.

"మడిస్తే?" అన్నాను.

"మడిస్తే లగేజీయేనండి. మడవండి చూద్దాం."

ఈ 'చూద్దాం' అన్న మాట వాడు నాతో అనలేదు, పంటు మొత్తంతో అన్నాడు. కారులోవాళ్లు అద్దం దించారు. చేపలావిడ తట్ట మీద నుంచి లేచింది. మా ఎనిమిదో తరగతి పిల్లలు ముందు వరస పట్టుకున్నారు, క్లాసులో ఎప్పుడూ పట్టరు.

సీటు కిందికి దించాను. పెడళ్లు మడిచాను. హ్యాండిలు క్లిప్పు ఊడదీసి, హ్యాండిలు పక్కకి వాల్చాను. ఫ్రేము మధ్యనున్న మడత బందుకి మట్టి పట్టి రానన్నది, మోకాలేసి లాగితే వచ్చింది. ముందు చక్రం వచ్చి వెనక చక్రం పక్కన బుద్ధిగా నిలబడింది. "ఆయ్!" అన్నారెవరో. పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు బావమరిది మీద ప్రేమ పుట్టింది. జేబులో చిల్లర కోసం వెతుక్కుంటూ బండిని వదిలేశాను.

అప్పుడు పంటు ఇసుక మేటకి తగిలి ఒక కుదుపు కుదిపింది.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి. హ్యాండిలు వాల్చినప్పుడు కుడి పిడి లోపలికి వెళ్లి ముందు టైరుకి ఆనుకుంది. ఆ పిడి మీదే బొటనవేలితో నొక్కే మీట ఉంది. కుదుపుకి టైరు బొడిపె ఒకటి వెళ్లి సరిగ్గా ఆ మీట మీద కూర్చుంది. వెనక చక్రం తిరిగింది. బండి కదిలింది. ముందు చక్రం పక్కన కట్టేసి ఉంది కాబట్టి నేరుగా వెళ్లలేదు, గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం మొదలుపెట్టింది. మనిషి లేడు, సీటు లేదు, హ్యాండిలు లేదు. సగానికి మడిచిన ముప్పై కిలోల ఇనుము, గోదావరి మధ్యలో, తనంతట తాను ప్రదక్షిణలు చేస్తోంది.

తాళం తీయలేదా అని అడుగుతారు. అందరూ అడిగారు. తాళం ఎక్కడుందో వినండి ముందు. ఫ్రేము అడుగున, మడత బందు పక్కన. విప్పి ఉన్నప్పుడే తల వంచితే గానీ కనబడదు. మడిచాక అది రెండు చక్రాల మధ్యకి వెళ్లిపోతుంది. అంటే బండి ఆపాలంటే విప్పాలి, విప్పాలంటే ఆపాలి. ఇంత తెలివైన ఏర్పాటు చేసిన ఇంజనీరు ఎవరో గానీ, ఆయన ఎప్పుడూ పంటు ఎక్కి ఉండడు.

బ్రేకు మాటో? షాపు కుర్రాడు గొప్పగా చెప్పాడు, "బ్రేకు పట్టుకుంటే చాలండి, మోటారు కరెంటు కట్టయిపోద్దండి" అని. అదీ నిజమే. నేనూ "బ్రేకు! బ్రేకు పట్టుకోండి!" అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, బ్రేకు కూడా ఆ చక్రాల సందులోనే ఉంది. పట్టుకోబోయిన టికెట్ల కుర్రాడు చేయి వెనక్కి లాక్కుని, "కరుస్తాదండి బాబోయ్" అన్నాడు. అప్పటిదాకా లెక్కగా మాట్లాడినవాడు!

ఒక చుట్టు తిరిగి చేపల తట్టల దాకా వచ్చింది. చేపలావిడ తట్టలు నెత్తికెత్తుకుని, "మాస్టారూ, పిలవండి దాన్ని!" అంది. పేరు పెట్టి పిలిస్తే వచ్చేదైతే పిలవనా తల్లీ? రెండో చుట్టుకి కారు దగ్గరికెళ్లింది, కారులోవాళ్లు అద్దం ఎక్కించేశారు, అదేదో అద్దం దాకా ఎగురుతుందన్నట్టు. పైన పంటు నడిపే సరంగు ఏం జరిగిందో తెలియక, తన ఇంజను మీదే అనుమానమొచ్చి, ఇంజను ఆపేశాడు. పంటు ఏటివాలుకి మెల్లగా జరగసాగింది. చప్పుడంతా పోయి, నిశ్శబ్దంలో నా బండి ఒక్కటే 'గూఁ' అంటూ తిరుగుతోంది. నాలుగైదు ఫోన్లు లేచాయి. మన దేశంలో మనిషికి దాహం వేస్తే చెంబు లేవడం ఆలస్యం కావొచ్చు గానీ, పరువు పోతున్నప్పుడు ఫోను లేవడం ఆలస్యం కాదు.

చివరికి రొయ్యల మేత బస్తాల్లోకి దూరింది. ముక్కు ఇరుక్కుంది గానీ మోటారు ఆగలేదు, వెనక చక్రం బస్తాని గీకుతూనే ఉంది. బస్తా చిరిగింది. మేత జలజలా రాలింది. మా ఎనిమిదో తరగతి వాడొకడు, లెక్కల్లో ఎప్పుడూ నోరు విప్పనివాడు, బోర్లా పడుకుని చేయి సందులోంచి పోనిచ్చి తాళం తిప్పాడు. ఆగింది.

రాజుగారు లేచి వచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, మొహంలో ఒక్క గీత కదలలేదు. రాలిన మేతని చూశారు, బండిని చూశారు, నన్ను చూశారు.

"పర్లేదు మాస్టారూ. పాపం, ఆకలి మీదున్నట్టుంది."

తిట్టినా బాగుండేది. మా గోదావరి జిల్లాల్లో తిట్లు ఒకరోజుతో పోతాయి, ఇలాంటి మాటలు ఊరంతా తిరిగి మళ్లీ మనింటికే వస్తాయి. బస్తా డబ్బులిస్తానన్నాను. "ఛ ఛ, అదేం మాటండి, మీ బండికి ఏ పూటకి ఎంత పెట్టాలో చెప్పండి, పంపిస్తాను" అన్నారు.

ఇంతలో టికెట్ల కుర్రాడు తేరుకుని పుస్తకం తీశాడు. ఒకటి కాదు, రెండు టికెట్లు చించాడు. ఒకటి మోటారు సైకిలు, ఒకటి లగేజీ.

"ఇదేంట్రా? మడిస్తే లగేజీ అన్నావుగా?"

"మడిచారండి. అందుకే లగేజీ కొట్టానండి. కానీ మనిషి ఎక్కకుండా, తొక్కకుండా దానంతటది నడిచింది కదండీ, అందరూ చూశారు. అలా నడిచేదాన్ని సైకిలనండి అంటే ఎలాగండీ?"

పంటు మొత్తం "మరేనండి" అంది. నేను చట్టం కాగితం కోసం జేబు తడిమాను. చిల్లర తీసే హడావిడిలో జారిపోయినట్టుంది, మేతలో తడిసి రాజుగారి చెప్పు కింద కనబడింది. అడగబుద్ధి కాలేదు. వాడికి లెక్కలు చెప్పింది నేనే, తర్కం ఎవరు చెప్పారో తెలియదు. రెండు టికెట్లకీ డబ్బులిచ్చాను. తిరుగు ప్రయాణానికి కూడా అదే రేటని ముందే చెప్పాడు, "మళ్లీ గొడవెందుకండి" అని.

బడికి చేరేసరికి వీడియో నాకన్నా ముందే చేరింది. హెడ్మాస్టరు గారు నవ్వు ఆపుకోవడానికి హాజరు పట్టీలో తల దూర్చేశారు. హైదరాబాదు నుంచి బావమరిది ఫోను: "బావా, మడత బాగుంది కదా?" వాడికి వీడియో వెళ్లింది. నాతో ఆ మాట అనడానికి వాడికి మనసెలా వచ్చిందో!

సాయంత్రం షాపుకెళ్లి బండి అప్పగించాను. నలుపా ఆకుపచ్చా అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. బండి చుట్టూ తిరిగి, వంగి, టైరు వాసన చూశాడు.

"రొయ్యల మేత వాసనొస్తోందండి. కడగడానికి సర్వీసింగ్ చార్జీ అవుద్దండి."

ఇవ్వనన్నాను. రోజూ ఫోను చేస్తున్నాడు, ఎంతో మర్యాదగా.