షుగర్ ఫ్రీ బియ్యం బస్తా గారికి

మహారాజశ్రీ షుగర్ ఫ్రీ బియ్యం బస్తా గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మొన్న ఆదివారం తమరిని భోంచేసిన రెండు గంటలకు నా షుగర్ మీటర్లో 241 కనిపించింది కాబట్టి కుశలం ప్రస్తుతానికి తమరొక్కరిదే. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ దాకా నా కారు డిక్కీలో పడుకుని వచ్చారు, ఇప్పుడు మా వంటింట్లో గ్యాస్ బండ పక్కన సెటిలయ్యారు. ఒంటి మీద ఆకుపచ్చ అక్షరాలతో "షుగర్ ఫ్రీ", పక్కన నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మ. వాళ్లెందుకు అంత నవ్వుతున్నారో ఇప్పుడర్థమైంది, వాళ్ల దగ్గర గ్లూకోమీటర్ లేదు.

జరిగింది తమరికి తెలియనిది కాదు, అయినా రికార్డు కోసం రాస్తున్నాను. మా తోడల్లుడి గృహప్రవేశం. పంక్తిలో కూర్చోవడానికి నాకో పద్ధతుంది: ముందు కూరలు, పప్పు, పచ్చడి వేయించుకోవడం, అన్నం గుప్పెడు, ఆ గుప్పెడు కూడా ఎంతుందో ఎవరికీ తెలియకుండా పైన పప్పు కప్పేయడం. మళ్లీ అన్నం వస్తే "వద్దండీ, షుగరు" అంటే సరిపోయేది. మన భోజనాల్లో "కడుపు నిండిపోయింది" అంటే ఎవరూ నమ్మరు, "డైటింగ్" అంటే నవ్వుతారు, "షుగరు" అంటే మాత్రం వడ్డించే కుర్రాడు సైతం ఒక్క క్షణం ఆగి, పాపం అన్నట్టు చూసి, పక్క ఆకు దగ్గరికి పోతాడు. ఆ పాపం అన్న చూపు మీదే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. 11 కిలోలు తగ్గాను, మూణ్ణెల్ల షుగరు 8.4 నుంచి 6.6కి దిగింది, డాక్టరుగారు ఒక మాత్ర తీసేశారు.

ఆదివారం ఆ మంత్రం పారలేదు. మా తోడల్లుడు స్వయంగా హాట్ బాక్స్ పట్టుకుని వచ్చాడు. "అన్నయ్యగారూ, మీకోసం వేరే వండించాను, షుగర్ ఫ్రీ రైస్, మిల్లు దగ్గరే తెచ్చాను, మొహమాటపడొద్దు." నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి పక్కనుంచి పెట్టాడు. రెండో చెయ్యి కూడా అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేడి మెతుకులు జారాయి, చుర్రుమని చేతులు తీసేసరికి ఆ ఖాళీలో ఇంకో హస్తం గరిటెడు అన్నం పడింది. వెనకే మరదలు నేతి గిన్నెతో ప్రత్యక్షం: "నెయ్యి వేసుకుంటే షుగర్ అసలు పెరగదంట బావగారూ, ఏదో వీడియోలో చెప్పారు." ఎదురు పంక్తిలోంచి ఓ పెద్దావిడ, నాకు వరసకి ఏమవుతుందో కూడా తెలియదు, "షుగర్ ఫ్రీయే కదా నాయనా, ఇంకా బెట్టు దేనికి?" అంది.

అదీ సంగతి. ఆ ఒక్క ముక్కతో నా బతుకుతెరువు పోయింది. చెప్పొచ్చేదేమంటే, తమరు నా రక్తంలో ఎంత చక్కెర పోశారన్నది రెండో విషయం, అది సాయంత్రం గంటన్నర నడిస్తే దిగింది. నా నోట్లోంచి "వద్దు" అనే మాటని లాగేసుకున్నారే, అది ఎన్ని గంటలు నడిస్తే తిరిగొస్తుంది? ఇదివరకు నేను రోగిని, జాలిపడేవాళ్లు. ఇప్పుడు నేను పొగరుబోతుని, ఇంత ఖర్చు పెట్టి ప్రత్యేకం వండిస్తే తినకుండా లేచిపోయేవాణ్ని. సగం వదిలేసి లేచాను కూడా. ఆ సగం గురించి మా మరదలు మా ఆవిడకి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిందో తమరు వంటింట్లోనే ఉన్నారుగా, వినే ఉంటారు.

ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు, నువ్వనే అంటాను.

నీకు మంచి వంశం ఉంది, అది తెలిసే అడుగుతున్నాను. నీ అసలు పేరు ఆర్‌ఎన్‌ఆర్ 15048. మారుటేరు ఎంటీయూ 1010, జగిత్యాల జేజీఎల్ 3855 అనే రెండు వరి రకాలకి రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో పుట్టిన బిడ్డవి, 2015లో విడుదల చేశారు, తెలంగాణ సోనా అని ముద్దుగా పిలుచుకున్నారు. నీ గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో షుగరుని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 51 చిల్లర, 55 లోపుంటే తక్కువ కిందే లెక్క, ఉత్త గ్లూకోజుకి 100. ఒప్పుకుంటున్నాను. మరి ఆ లెక్క ఎలా తీస్తారో సంచి మీద ఒక్క ముక్క రాయవేం? 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత తిండి కొలిచి పెడతారు, అంటే నీ బియ్యం అటూ ఇటూగా 65 గ్రాములు, ఆ తర్వాత రెండు గంటల పాటు రక్తం తీసి చూస్తారు. 65 గ్రాములు! మా తోడల్లుడి హస్తానికి అంటుకునేదే అంత ఉంటుంది. నా ఆకులో పడ్డది 150 గ్రాముల బియ్యానికి తగ్గదు, అందులో పిండిపదార్థం 115 గ్రాముల పైమాట, అదంతా చివరికి గ్లూకోజు కావలసిందే, ఇంకో దారి లేదు. బస్సు నెమ్మదిగా వెళ్తుందని చెప్పావు, లోపల ఎంతమందిని కుక్కావో చెప్పలేదు. ఒంట్లో వందకి 78 వంతులు పిండి పెట్టుకుని ఫ్రీ అంటావా? దేన్నుంచి ఫ్రీ? సిగ్గు నుంచా?

పైగా 26 కిలోల బస్తావి. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వేస్తే, అది తప్పించుకోవడానికి నువ్వు రాత్రికి రాత్రి ఒక కిలో ఒళ్లు చేశావు. నేను ఒక కిలో తగ్గడానికి సాయంత్రం బజ్జీల బండి ముందునుంచి కళ్లు మూసుకుని నడవాల్సి వస్తోంది.

నీ చుట్టాల గురించి పెద్దగా రాయను. షుగర్ ఫ్రీ బిస్కట్‌కి ఒకటే మనవి, నీలో మైదా ఉంది, వెనక చిన్న అక్షరాల్లో ఉంది, కళ్లజోడు పెట్టుకుని చదివాను. కొర్రలూ అరికెలూ మంచివే, పీచు ఉంటుంది, కానీ మా పెద్దమ్మ కొర్రన్నం కుండెడు తిని "ఇది అన్నం కాదుగా" అంటుంది. ఉదయాన్నే కాకరకాయ రసం తాగమని చెప్పేవాళ్లు ముందు నాతో కూర్చుని ఒక గ్లాసు తాగాలి. నెలరోజుల డైట్‌కే డాక్టరుకి చెప్పకుండా మాత్రలన్నీ ఆపేసి వాట్సాప్‌లో విజయయాత్ర చేసేవాళ్లకి నమస్కారం, దూరం నుంచే.

ఇంకొకళ్లున్నారు, "నువ్వు లావేం కాదుగా, నీకు షుగరేంటి" అనేవాళ్లు, ఇప్పుడు అదే నోటితో "ఏంటిలా చిక్కిపోయావు, మొహంలో కళ లేదు" అంటున్నారు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది, పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు, ఎత్తుకి బరువు చూసే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనది సన్నగా కనిపించే కొవ్వు, పొట్టలోపల, కాలేయం మీద కూర్చుంటుంది. అందుకే మగవాళ్ల నడుముకి మనకి గీత 90 సెంటీమీటర్ల దగ్గరే గీశారు. నేను 91లో ఉన్నాను. ఆ ఒక్క సెంటీమీటరు కోసం నేను పడుతున్న టెన్షన్ నీకేం తెలుసు?

ఆ కొవ్వు కరిగితే ఏమవుతుందో కూడా తెలిసిన విషయమే. బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక ట్రయల్ చేశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకి, ఇన్సులిన్ వాడనివాళ్లకి, డాక్టర్ల కనుసన్నల్లో మూడు నుంచి ఐదు నెలలు రోజుకి దాదాపు 850 క్యాలరీల సూపులూ షేకులూ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగంమంది, 46 శాతం, మందుల్లేకుండా షుగరు గీత దిగువకి వచ్చారు. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. అక్కడ పని చేసింది తగ్గిన బరువు. నువ్వు నన్ను లావు కానివ్వవని ఎక్కడైనా రాసి ఉందా? లేదు. నువ్వు అమ్ముతున్నది బియ్యం కాదు, ఇంకో హస్తం వడ్డించడానికి లైసెన్స్. ఈ దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైనే ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2023లో లెక్క చెప్పింది, మనం తినే క్యాలరీల్లో 60 శాతం పైన పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఇంకో లెక్కలో చెప్పింది, ఆ లెక్క చూసి మిగతావాళ్లు భయపడితే నువ్వు మార్కెట్ అనుకున్నావు. ముసలివాళ్లు చదవలేక, పిల్లలు చదివే ఓపిక లేక, ప్రేమ ఉన్నవాళ్లు ప్రేమ కొద్దీ, కిలోకి ఎక్కువిచ్చి కొనుక్కెళ్లి అయినవాళ్ల ఆకుల్లో పోస్తున్నారు. మా తోడల్లుడు మంచివాడు. ఆ మంచితనాన్ని వాడుకున్నావు చూడు, అక్కడ కాలింది నాకు.

సరే. పారబొయ్యను, అన్నం పారబోసే ఇంట్లో పుట్టలేదు. నిన్న రాత్రి మా ఆవిడ నీలో ఒక పిడికెడు తీసి వండింది, వద్దన్నా వినలేదు. చెప్పకూడదు గానీ, మెతుకు సన్నగా, పొడిపొడిగా, ములక్కాడ పప్పుచారులో కలిస్తే ఏ కొర్రలూ నీ కాలిగోటికి సరిపోవు. గిన్నెడు దోసకాయ ముక్కలు, రెండు గుడ్లు ముందు తిని ఆ తర్వాత నిన్ను తిన్నాను, రెండు గంటలకి 148. అంటే నీకు బుద్ధి ఉంది, నీ సంచికే లేదు.

కాబట్టి షరతులు ఇవి. చారెడు స్టీలు కప్పు ఒకటి నీ పక్కన పెడుతున్నాను, రోజుకి దాంతో ఒకసారే బయటికి వస్తావు, అదీ కూర నీకు రెట్టింపు ఉన్న పూట మాత్రమే. పండగైనా సరే, తోడల్లుడు వచ్చినా సరే. సంచి మీద ఆ రెండు మాటలూ నల్ల మార్కర్‌తో కొట్టేసి కింద "ఇది బియ్యమే" అని రాశాను. మా ఆవిడ చూసి, ఆ గుడ్డ సంచి తర్వాత మార్కెట్‌కి పనికొస్తుందనుకుంటే పాడుచేశావని తిట్టింది. ఆ తిట్లూ నీ ఖాతాలోనే.

ఇట్లు,
సగం ఆకు వదిలేసి లేచిన అన్నయ్యగారు